బేస్‌మెంట్‌లో దిగిన మిగ్

మా బావమరిది ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఇంటికింద బేస్‌మెంట్ ఉంది. అందులో ఒక మూల మా అత్తగారు పంపిన ఆవకాయ సీసాలు, ఎదుటి మూల గిటార్లు. మొన్న వెళ్ళినప్పుడు నన్ను ఆ గిటార్ల మూలకి నడిపించి, గర్భగుడి తెర తీసే పూజారిలా ఒక దుప్పటి లాగాడు. నడుమెత్తు స్పీకర్ క్యాబినెట్, దాని నెత్తిన ఓ నల్లటి పెట్టె. ముందు వరసగా తిప్పుడు గుండీలు, సోవ్‌టెక్ అన్న పేరు, మిగ్-100 అన్న మోడల్.

"సోవియట్ మిలిటరీ సరుకు బావా" అన్నాడు గొంతు తగ్గించి, కేజీబీ ఇంకా వింటోందేమోనన్నట్టు.

వెనక్కి వెళ్ళి వంగి చూశాను. నాలుగు లావుపాటి గాజు బుడ్లు, పక్కన చిన్నవి ఇంకొన్ని. వీటిని నేనెరుగుదును. మా ఇంట్లో రేడియోలో ఉండేవి, వాల్వులనేవాళ్ళం. స్విచ్ వేశాక అవి వేడెక్కి, పచ్చకన్ను వెలిగి, ఆకాశవాణి విజయవాడ నోరు విప్పేలోపు మా నాన్న తాపీగా ఒక వక్కపలుకు నమిలేసేవాడు. ట్రాన్సిస్టర్ వచ్చిన ఏడాదే మా అమ్మ ఆ రేడియోని పాత సామాన్లవాడికి ఇచ్చి ఒక స్టీలు గిన్నె పుచ్చుకుంది. బేరమాడి మూత కూడా పుచ్చుకుంది. ఈ సంగతి బావమరిదికి చెప్పలేదు. ఏడుస్తాడు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎలక్ట్రిక్ గిటార్ తనంతట తాను దోమలా మూలుగుతుంది. దాన్ని సింహంలా గర్జింపజేసేది యాంప్లిఫయర్. స్పీకర్ లేకుండా యాంప్లిఫయర్ ఒక్కటే విడి పెట్టెగా ఉంటే దాన్ని ‘హెడ్’ అంటారు, క్యాబినెట్ నెత్తిన కూర్చుంటుంది కాబట్టి. హెవీ రాక్‌కి కావలసింది శుభ్రమైన శబ్దం కాదు. వాల్వుని శక్తికి మించి తోలితే శబ్దతరంగం కొసలు నలిగి ఒక గరగర పుడుతుంది, అది కావాలి. ఆ గరగర రాకుండా చెయ్యడానికి ఇంజనీర్లు ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. రాక్ కుర్రాళ్ళు అదే కావాలని పట్టుబట్టారు. ట్రాన్సిస్టర్ హద్దు దాటగానే తరంగాన్ని కత్తితో కోసినట్టు కోస్తుంది, వాల్వు మెల్లగా నలుపుతుంది. ఇంతవరకు నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ‘సోవియట్’, ‘మిలిటరీ’ అన్న రెండు మాటలతోనే.

సంబంధం కుదుర్చుకునేముందు గోత్రం అడుగుతాం కదా, ఈ పెట్టె గోత్రం కూడా అడుగుదాం. సోవ్‌టెక్ అన్నది ఏ ఎర్ర సైన్యం ఆయుధాగారమూ పెట్టిన పేరు కాదు. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ అనే వ్యాపారి పెట్టుకున్న బ్రాండు. ఆయన 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ అనే కంపెనీ పెట్టి, గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ అమ్మాడు. 1979లో మాస్కో వెళ్ళొచ్చాడు. ఎనభైల మొదట్లో కంపెనీ దివాలా తీసింది. అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ వాల్వు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా తాళం వేసుకుంటున్న రోజులవి. సోవియట్ ఫ్యాక్టరీలు మాత్రం ఇంకా వాల్వులు పోస్తూనే ఉన్నాయి. అది ఆయన కంటపడింది. వాల్వులు దిగుమతి చేశాడు, తర్వాత పెడల్సూ యాంప్‌లూ అక్కడే చేయించాడు. మా వాడి పెట్టె తొంభైల నాటి సరుకు. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులోనే కాలం చేసింది. అంటే ఈ ‘సోవియట్ సరుకు’ తండ్రి పోయాక పుట్టిన బిడ్డ. పేరు పెట్టింది అమెరికా మేనమామ.

ఇక లోపలి సర్క్యూట్. ఆ రోజుల మిగ్ హెడ్‌లకి మూలం యాభైల చివర కాలిఫోర్నియాలో ఫెండర్ కంపెనీ చేసిన బాస్‌మన్ యాంప్. దాన్ని 1962లో లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ మనుషులు చూసి తమది చేశారు. మార్షల్ అన్న పేరు అలా పుట్టింది. ఆ రెండిటినీ చూసి ముప్పై ఏళ్ళ తర్వాత రష్యాలో ఇది తయారైంది. పోనీ వాల్వులైనా అచ్చ రష్యావా అంటే, బుడ్డి మీద వేసిన 5881 అన్న నంబరే అమెరికాది. దాని రష్యన్ పేరు 6పి3ఎస్-ఇ. ఆ 6పి3ఎస్ వంశానికి మూలపురుషుడు ఆర్‌సీఏ అనే అమెరికన్ కంపెనీ 1936లో తెచ్చిన 6ఎల్6. ఇంత తవ్వాక సంకల్పం చెప్పమంటే పంతులుగారు ‘ఫెండర్ సగోత్రోద్భవస్య, మార్షల్ పౌత్రస్య’ అనాల్సిందే.

"మరి ఇందులో రష్యాది ఏముందిరా?" అన్నాను.

"ట్రాన్స్‌ఫార్మర్లు! ట్యాంకుల్లో వేసేవి బావా!"

మోసి చూశాను. బరువుంది. బరువుంటే ట్యాంకు సరుకైతే, మా అత్తగారి రుబ్బురోలు అణు జలాంతర్గామి.

మిలిటరీ అన్న పురాణానికి ఒక మూలకథ ఉంది. 1976 సెప్టెంబరు 6న విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ మిగ్-25 విమానంతో పారిపోయి జపాన్‌లోని హకొడాటే విమానాశ్రయంలో దిగాడు. అమెరికన్లు దాన్ని ఊడదీసి చూస్తే లోపల వాల్వులు కనిపించాయి. అణుబాంబు పేలినప్పుడు పుట్టే విద్యుదయస్కాంత తాకిడిని ట్రాన్సిస్టర్ల కంటే వాల్వులు బాగా తట్టుకుంటాయన్నది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని ఈ పెట్టె వీరులు మహా మురిసిపోతారు. రేపు ఎడిసన్ మీద బాంబు పడితే ఊళ్ళో ఫోన్లన్నీ చచ్చినా మా వాడి గిటార్ యాంప్ బతికే ఉంటుందట. బతికే ఉంటుంది, కాదనను. ప్లగ్గులో కరెంటు మాత్రం ఉండదు.

అసలు ఆ విమానానికీ ఈ పెట్టెకీ చుట్టరికం మిగ్ అన్న పేరొక్కటే. మికోయాన్, గురేవిచ్ అనే ఇద్దరు డిజైనర్ల పేర్ల ముక్కలవి. పేరులోనే మహిమ ఉంటే మన హైదరాబాద్ ఎప్పుడో ప్రపంచ హెవీ మెటల్ రాజధాని అయ్యుండేది. మన వాయుసేన మిగ్-21లకి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో తయారయ్యాయి మరి. అక్కడ రిటైరైన వాళ్ళెవరూ చేతికి గిటార్ ఇవ్వగానే గర్జించినట్టు నేను వినలేదు. ఆ విమానాలు కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్నాయి. మా వాడి మిగ్‌కి మాత్రం రిటైర్‌మెంట్ లేదు.

ఆ సాయంత్రం నాకు వాల్వుల రుచి పరీక్ష పెట్టాడు. యాంప్‌లో ఒక చిన్న వాల్వు తీసి మల్లార్డ్ పెట్టి ఒక ముక్క వాయించాడు. "ఇంగ్లీషు వాల్వు. వెచ్చగా, సాయంత్రం టీ తాగినట్టు లేదూ?" అన్నాడు. అది తీసి టంగ్-సోల్ పెట్టాడు. "ఇది అమెరికన్. చురుగ్గా, కొంచెం గరుగ్గా." తర్వాత సోవ్‌టెక్. "ఇదీ అసలు రష్యా! చలి తెలుస్తోందా?" చలి తెలుస్తూనే ఉంది, బేస్‌మెంట్ కదా. నేను ఆ మూడు అట్టపెట్టెలూ తిప్పి చూశాను. మూడింటి మీదా దేశం పేరు ఒక్కటే, రష్యా.

వోల్గా ఒడ్డున సరతోవ్ అనే ఊరుంది. అక్కడి పాత రిఫ్లెక్టర్ ఫ్యాక్టరీ ఇప్పుడు ఎక్స్‌పో-పుల్ పేరుతో మాథ్యూస్ కంపెనీ చేతిలో ఉంది. మల్లార్డ్, టంగ్-సోల్, జెనాలెక్స్ గోల్డ్ లయన్, ఎలక్ట్రో-హార్మోనిక్స్, సోవ్‌టెక్, ఇలాంటి పేర్లన్నీ ఆ ఒక్క ఇంటి పిల్లలే. మల్లార్డ్ ఒకనాడు నిజంగా ఇంగ్లండ్‌దే, టంగ్-సోల్ నిజంగా అమెరికాదే. కంపెనీలు పోయాయి, పేర్లు మిగిలాయి, ఆ పేర్లు కొనుక్కున్నారు. ఒకే చూరు కింద వేరువేరు డిజైన్లు చెయ్యకూడదని లేదు, చేస్తారు కూడా. అక్కడ దాపరికమూ లేదు, పెట్టె మీద దేశం పేరు అచ్చేసే అమ్ముతున్నారు. చదవనిది మన వాళ్ళు. ఒకే వంటింట్లో వండిన సాంబారు తింటూ ‘ఇది ఉడిపి, ఇది తంజావూరు’ అని కళ్ళు మూసుకుని చెప్పే రసజ్ఞులు. 2022 మార్చిలో రష్యా ఎగుమతుల మీద నిషేధం ప్రకటించినప్పుడు ఇంగ్లీషు టీ, అమెరికన్ చురుకు, రష్యన్ చలి మూడూ ఒకే రోజు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కొన్నాళ్ళకి సర్దుకుంది గాని, గోత్రాల గుట్టు అప్పటికే రట్టయింది.

పెట్టె మీద రాసిన వంద వాట్ల ముచ్చట ఇంకొకటి. యాభై వాట్లకి వంద వాట్లు రెట్టింపు గోల అనుకుని జనం డబ్బు పోస్తారు. తేడా 3 డెసిబెల్స్. ‘కొంచెం పెంచావా?’ అని పక్కవాడు అడిగేటంత. చెవికి రెట్టింపు అనిపించాలంటే పవర్ దాదాపు పది రెట్లు కావాలి. ఆ లెక్కన వంద వాట్ల గోలలో సగానికి పది వాట్లు చాలు, పావుకి ఒక్క వాట్. కానీ పెద్ద వాల్వులు నలిగి ఆ పవిత్రమైన గరగర పుట్టాలంటే యాంప్‌ని పూర్తిగా తోలాలి. తోలితే వీధి చివరి ఇంట్లో కుక్క లేస్తుంది. దీనికి మా వాడు కనిపెట్టిన మార్గం అటెన్యుయేటర్. ఇంకో పెట్టె. యాంప్‌కీ క్యాబినెట్‌కీ మధ్య పెడితే వచ్చిన శక్తిలో చాలావరకు తాగేసి వేడిగా వదిలేస్తుంది, చివరికి స్పీకర్‌కి చేరేది చెంచాడు. వంద వాట్ల కోసం ఒక ధర, అందులో తొంభై తొమ్మిది తగలెయ్యడానికి ఇంకో ధర.

"అన్నయ్యగారూ, పిల్లలు పడుకున్నాక అది వెయ్యద్దని మీరైనా చెప్పండి" అంది మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, మెట్ల మీంచి. నేను చెప్పలేదు. అప్పటికే మిగ్ గొంతు నా ఫోన్ కంటే చిన్నగా ఉంది.

నాకు నవ్వు కంటే కోపం తెప్పించేది వీటి ధర. తొంభైల్లో ఈ పెట్టెలకున్న గొప్పంతా చవక. మార్షల్ కొనే స్తోమత లేని కుర్రాళ్ళు దీన్ని కొన్నారు, తీగలు వదులు చేసి గిటార్‌ని పాతాళానికి దించి, నత్తనడక డూమ్ మెటల్ పాటలు గోడలు అదిరేలా వాయించారు. మంచి సంగీతం వచ్చింది. పెట్టె పనితనం నిజాయితీగా ఉంది, ఆ కుర్రాళ్ళ అవసరమూ నిజాయితీదే. ఇప్పుడు డబ్బున్నవాళ్ళు అదే పెట్టెని ‘వింటేజ్’ అని ఎగబడి కొంటుంటే, ఈనాటి స్తోమత లేని కుర్రాడికి అది అందడం లేదు. పేదవాడి గంజికి వెండి గిన్నె తొడిగి మెనూ కార్డు ఎక్కించినట్టయింది.

మనకీ ఈ జబ్బు కొత్త కాదు లెండి. సోవియట్ ప్రచురణ సంస్థలు ప్రగతి, రాదుగ వేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణంలో చిల్లర డబ్బులకి దొరికేవి. చవకని కొని చదివాం, అట్టలు చిరిగేదాకా చదివాం. ఇప్పుడు అవే పుస్తకాలు అట్ట చిరగలేదంటే వేలం ధర పలుకుతాయి. అట్ట చిరగలేదంటే ఎవరూ చదవలేదనే అర్థం. మా వాడి మిగ్ కూడా, దుప్పటి ఎత్తి చూస్తే, గీత పడలేదు.

ఇంత చెప్పినా కొంటామంటే కొనండి, మీ డబ్బు మీ ఇష్టం. అందులో కెపాసిటర్లకి ముప్పై ఏళ్ళు, అవి ఎండిపోయి ఉండొచ్చు, తెలిసిన మెకానిక్‌కి చూపించండి. ప్లగ్ పీకేశాక కూడా లోపల నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండగలవు కాబట్టి మీరు మూత తీసి వేలు పెట్టకండి. స్పీకర్ తగిలించకుండా మాత్రం స్విచ్ వెయ్యకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్యాంకుదైనా సరే.