281 అంకుల్

మైత్రీవనం సందుల్లో జావా బోర్డుల కింద, పంజగుట్టలో నిమ్స్ దగ్గరి టీ బండి పక్కన, మెట్రోలో తలుపునానుకుని... ఈ అంకుల్ ఎక్కడైనా తగులుతాడు. వయసు యాభై దాటింది. చేతికి వాచీ పెట్టుకోడు. మణికట్టు ఖాళీగా ఉండాలి, ఎప్పుడు ఫ్లిక్ చేయాల్సి వస్తుందో ఎవరికెరుక!

వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 8,781 పరుగులు చేశాడు, 17 సెంచరీలు కొట్టాడు. అంకుల్ లెక్కలో మాత్రం ఆడింది ఒకటే ఇన్నింగ్స్: 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్, ఫాలో ఆన్, 281. నాలుగో రోజు పొద్దున 109 మీద మొదలుపెట్టి సాయంత్రానికి 275 మీద ఉన్నాడు. అటువైపు ద్రవిడ్. రోజంతా వికెట్ పడలేదు. వరసగా 16 టెస్టులు గెలిచొచ్చిన ఆస్ట్రేలియాకి చెమటలు పట్టాయి. ఆ ఆటంతా అమీర్‌పేటలో ఓ టీవీ షోరూం అద్దం ముందు నిలబడి చూశానంటాడు అంకుల్. అది బుధవారం, ఆఫీసులున్న రోజు. ఈ మాట చెప్పేవాళ్లంతా నిజంగా నిలబడి ఉంటే, ఆవేళ జనం నాగార్జున సర్కిల్ దాకా ఉండాలి.

ఆ టెస్టులో మన గెలుపు కన్నా ఆయనకి ఫిర్యాదులే రుచి. మర్నాడు లక్ష్మణ్ మెక్‌గ్రాత్ బంతికి ఔటయ్యాడు కదా, మూడొందలకి తగ్గిన ఆ 19 పరుగుల బాకీ ఇంకా తీరలేదు. 2003 వరల్డ్ కప్‌కి తీసుకోలేదు. అసలు ఒక్క వరల్డ్ కప్పూ ఆడనివ్వలేదు. ఆ ఏడు ఫైనల్లో మనం ఓడింది 125 పరుగుల తేడాతో. "గా నూటా ఇరవై అయిదు ఎవరియి తమ్మీ? లక్ష్మణ్‌యి!" ఆస్ట్రేలియా 359 కొట్టిందని గుర్తుచేస్తే, "గది బౌలర్లనడుగు" అంటాడు.

బల్లకి అటువైపు అజర్ మనిషి ఒకాయన ఉంటాడు, 99 టెస్టుల దగ్గరే ఆపేశారన్న దిగులుతో. ఇద్దరికీ పడదు. మణికట్టు మాటొస్తే మాత్రం జయసింహ నుంచి ఎత్తుకుని ఒక్కటైపోతారు. చుట్టిన జిరాక్స్ కాగితాలు బ్యాటవుతాయి. షేన్ వార్న్ రఫ్‌లో వేసిన బంతుల్ని లక్ష్మణ్ ఓసారి కవర్స్‌లోకి, ఓసారి మిడ్ వికెట్‌లోకి ఎలా పంపాడో చూపిస్తాడు అంకుల్. బంతి స్థానంలో మన టీ గ్లాసు ఉంటుంది. ఐపీఎల్ ఊసెత్తితే, "నలభై అయిదు రోజుల్ల ఫుల్ స్టాక్ నేర్పినట్టే గదీ" అని తీసిపారేస్తాడు.

ఇంట్లో ఇప్పటికీ మొహాలీయే. 2010లో నడుం పట్టేసినా రైనాని రన్నర్‌గా పెట్టుకుని, 73 నాటౌట్‌తో ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు లక్ష్మణ్. ఆంటీ సంచీ అందించగానే అంకుల్‌కి నడుం పడుతుంది. కొడుకు రన్నర్. వాడు కదలకపోతే, ఆనాడు ప్రగ్యాన్ ఓఝా మీద అరిచినట్టు అరుస్తాడు. లక్ష్మణ్‌కి అంత కోపం రావడం జనం చూసింది అరుదు. ఆంటీ రోజూ చూస్తుంది.

మొన్న ఓ హాస్టల్ కుర్రాడు అమాయకంగా అడిగాడు: "లక్ష్మణ్ అంటే, అప్పట్లో సన్‌రైజర్స్ డగౌట్‌లో కూర్చునేవారు, ఆయనేనా అంకుల్?"

అంకుల్ కాసేపు మాట్లాడలేదు. రెండు చాయ్ చెప్పాడు. మార్చి 11, మొదటి రోజు, టాస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కుర్రాడి డాట్ నెట్ క్లాసు ఆరింటికి. ఆరున్నరకి ఆస్ట్రేలియా ఇంకా మొదటి ఇన్నింగ్సే ఆడుతోంది.