ఉగాండా పెండ్లి జాబు: టీకాతాత్పర్యసహితము

అవతారిక.— గుంటూరు మండలమందలి యొక క్రైస్తవ సంఘము తనవారైన అయ్యగారిని అమ్మగారిని సువార్త పరిచర్యకై ఉగాండా దేశమునకు పంపి, నెలకొక జాబు వ్రాయుచుండవలెనని కట్టడి చేయగా, అయ్యగారు వ్రాసిన జాబులలో నొకదానియందు, ఆదివారపు బడి లెక్కలకును మలేరియా మందుల పద్దునకును నడుమ, పెండ్లిని గూర్చి అయిదు వాక్యములు మాత్రము కలవు. సంఘపెద్దలు వానిని చదివి, "మంచిది" అని, పద్దు వంకకు తిరిగిరి. ఇంత అర్థగర్భితమైన గ్రంథము వ్యాఖ్యాశూన్యమై పడియుండుట భాషకే లోపమని తోచి, సుకుమారమతులగు పాఠకుల కొరకు ఈ టీక రచింపబడుచున్నది.

మూలము.— "గడచిన శనివారము ఇచటివారి పెండ్లికి పోయితిమి. వేళకే చేరితిమి. మాకును ఒక పని చెప్పిరి. భోజనము బాగుండెను. వచ్చే నెల ఖర్చు కొంచెము హెచ్చగును."

టీక.— ఇచటివారి = కంపాలా నగరమును చుట్టియున్న బుగాండా సీమలోని బగాండా జనులయొక్క; పెండ్లికి = క్వాంజుల యను వేడుకకు; పోయితిమి = వెళ్లితిమి. తక్కినది సులభము.

తాత్పర్యము.— స్పష్టము.

విశేషములు.— "పెండ్లి" యనుట స్థూలదృష్టి. చర్చిలో ఉంగరములు మార్చుకొనుటకు ముందుగా, వరుడు తన బంధుమిత్రులను వెంటబెట్టుకొని వధువు పుట్టినింటికి పోయి, తానెవడో, ఎవరివాడో, ఏ కోరికతో గుమ్మము త్రొక్కెనో విన్నవింపించుకొను పరిచయోత్సవమే క్వాంజుల. ఇంగ్లండు మిషనరీలు 1877లో ముతేసా రాజు కొలువు చేరిరి. రెండేండ్లకు కాథలిక్కు గురువులును వచ్చిరి. దేశములో అధికభాగము క్రైస్తవమైనది. అయినను చర్చి పెండ్లి చేసికొనువారు సైతము క్వాంజులను విడువలేదు.

ఈ సభలో మొదట తేలవలసినది గోత్రము. బగాండాలకు యాభైకి పైబడిన గోత్రములున్నవి. సింహము, ఏనుగు, కోతి, చేప, మిడుత, ఇట్లు ఒక్కొక్క గోత్రమునకు ఒక్కొక్క గుర్తు. ఆ గుర్తైన ప్రాణిని ఆ గోత్రమువారు తినరాదు, స్వగోత్రమున పెండ్లాడరాదు. ఆ దినమున అయ్యగారికి ఎవరును విడమరచి చెప్పకయే బోధపడిన విషయము ఈ సగోత్రవివాహ నిషేధమొక్కటే. నవంబరు మాసమున దేశమంతయు వేయించుకొని తిను మిడుతలను ముట్టకుండ కూర్చుండు మిడుత గోత్రమువారి నిష్ఠ యెంత కఠినమో ఆ వేపుడు వాసన యెరిగినవారే చెప్పవలెను.

"పోయితిమి" యను బహువచనము గౌరవార్థకము కాదు, దంపతులిద్దరును పోయిరనుటయే. కాని పోయిన వేషమును గ్రంథకర్త గోపనము చేసినాడు. అమ్మగారు వెంకటగిరి చీరతో బయలుదేరగా, పొరుగింటి స్త్రీలు అది చాలదని తీర్మానించి, గోమెసి యను నిలువెత్తు వస్త్రమును తొడిగిరి: చదరపు మెడ, భుజములపై కొనదేరి నిక్కిన చేతులు, ఎడమవైపున రెండు గుండీలు, నడుమునకు దిగువగా వెడల్పాటి పట్టుదట్టి, దాని కొసలు ముందు జారవిడుచుట. ఆ ముడి వేయుటకు ఇద్దరు స్త్రీలు మోకరించి కూర్చుండి, ఒకరు లాగిన దానిని మరియొకరు వదలు చేయుచు, తుదకు మూడవ యామెను పిలిచిరి. ఇది బగాండా స్త్రీల సంప్రదాయవేషము. దీనిని 1905 ప్రాంతమున గయాజా బాలికల పాఠశాల కొరకు గోవానుండి వచ్చిన గోమెజ్ అను దర్జీ కుట్టెనని ప్రసిద్ధి. అయ్యగారు ధరించిన కాంజు యను తెల్లని పొడుగు అంగీ అరబ్బు వర్తకుల వెంట వచ్చినది. గోవా దర్జీ కత్తిరించిన దానిని తెలుగు స్త్రీ కంపాలా చెంత తొడుగుట స్వదేశవేషమా పరదేశవేషమా యను చర్చను గ్రంథవిస్తరభీతిచే విడిచితిమి.

"వేళకే" యనుచోట ఏకారము అవధారణార్థకము; అందు ఒకింత ఆత్మస్తుతియు కలదు. వరునిపక్షమువారు రెండు గంటలకు పెట్రోలు బంకు వద్ద కూడి ఊరేగింపుగా పోవలెనని ఏర్పాటు. రెండు గంటలకు బంకు వద్ద అయ్యగారు, అమ్మగారు, బంకు కుర్రవాడు ఉండిరి. వరుడు వచ్చునప్పటికి నాలుగు దాటినది. తెలుగు క్రైస్తవ శుభలేఖలలో పదిగంటలని అచ్చొత్తించి పదకొండున్నరకు మొదటి కీర్తన నెత్తుకొనుట యెరిగినవాడగుటచే గ్రంథకర్త విస్మయపడలేదు. కాని వధువు వాకిటికి చేరగానే ఆలస్యమునకై వరునిపక్షముపై నవ్వుచునే జరిమానా విధింపగా, అందరితోపాటు ఆయనయు జేబు తడుముకొనవలసి వచ్చెను. కనుక వేళకే చేరినవాడు ఆలస్యపు జరిమానాలో భాగము చెల్లించెననుట ఇచటి ధ్వని.

"మాకును ఒక పని చెప్పిరి." గ్రంథమంతటికిని ఇది కీలకము. మిషనరీకి పెండ్లిలో చెప్పు పని ప్రార్థనయో, ఆశీర్వచనమో కాక మరేమి యని కొందరు వ్యాఖ్యానింతురు. అది సాధువు కాదు. క్వాంజులలో మాటలాడు అధికారము ఇరుపక్షముల వక్తలకే కలదు. వధువుపక్షపు వక్త, పందిళ్లు తానే వేయించి, కుర్చీలు తానే లెక్కించి, వచ్చినవారిని చూచి, "మీరెవరు? త్రోవ తప్పితిరా?" అని విస్మయము నటించును, వరునిపక్షపు వక్త సామెతలతోను పొడుపుకథలతోను దారి చేసికొని, తడబడినచోట మరల జరిమానా కట్టును. ఈ వాగ్యుద్ధము గంటల తరబడి సాగుచుండగా వరుడు వరుసలో మూగవలె కూర్చుండవలసినదే. సెంగ, అనగా వధువు మేనత్త, వచ్చి వరుసంతయు పరికించి, ఇతడే యని పట్టుకొనువరకు అతడెవరో ఎవరికిని తెలియనట్లే. మేనత్త పెత్తనమునకు ఇంతటి రాజముద్ర మనదేశమునను లేదు.

కాగా వరునికే నోరు లేని సభలో మిషనరీకి నోరెక్కడిది? లుగాండా భాషలో కష్టపడి వల్లించుకొని, కాగితముపై వ్రాసికొని, కాంజు లోపలి జేబులో దాచుకొన్న ప్రార్థన అచటనే చెమటకు తడిసినది. ఆయనకు చెప్పిన పని సోడాబుడ్ల పెట్టె మోయుట. వధువు తలిదండ్రులకు తెచ్చిన అరటిగెలలు, చక్కెర, సబ్బులు, మాంసము, పానీయములు మొదలగువానిని వరుని వెంట వచ్చినవారందరు వరుసకట్టి మోసికొని పోవుటయే ఆచారము. ఇరువదినాలుగు గాజుబుడ్ల పెట్టెను రెండు చేతుల పట్టుకొన్నవానికి మడమలదాక జారిన అంగీ నెత్తిపట్టుకొనుటకు మూడవచేయి కావలసియుండెను. అమ్మగారు గంప తలపై పెట్టుకొని పోయి, తక్కిన స్త్రీలవలె మోకరించి దించిరి. ఆమెను చూచి ముసలమ్మలు ఉలులుధ్వని చేసిరి. అయ్యగారిని చూచి ఎవరును ఏమియు అనలేదు. "మాకును" అనుటలోని సముచ్చయార్థకము వలన, అందరితోపాటు అను భావమే కాక, మేమును పనికివచ్చితిమను సంతోషమును స్ఫురించుచున్నదని మా మతము.

"భోజనము బాగుండెను": అరటియాకులలో కట్టి ఆవిరిపై ఉడికించిన మతోకె యను పచ్చియరటి ముద్ద, వేరుసెనగ పులుసు, ఆకుపొట్లములో ఉడికిన లువొంబో యను కోడికూర. కారము తక్కువ. శేషము సుగమము.

"ఖర్చు కొంచెము హెచ్చగును" అను వాక్యము ప్రక్షిప్తమని, మందుల పద్దునకు చెందినదని తలచువారు కలరు. అది తొందరపాటు. క్వాంజుల తరువాత చర్చి పెండ్లి యున్నది. దానికై మిత్రులొక సంఘముగా ఏర్పడి, అధ్యక్షుని, కోశాధికారిని ఎన్నుకొని, వారము వారము సమావేశమై, ఎవరెంత యిత్తురో ఒక పుస్తకమున వ్రాయింతురు. సోడాపెట్టె మోసినవాడు వరునిపక్షమువాడని నిశ్చయమైనది గనుక, మరుసటి సమావేశమున అయ్యగారి పేరును పుస్తకమున కెక్కించి, ఎదుట అంకె వేయు చోటు ఖాళీగా నుంచి, కలము చేతికిచ్చిరి. ఆ అంకె యెంతయో మూలమున కానరాదు. ఇచట గ్రంథపాతము.