5 కేజీల రాయి

పాడేరు ఏజెన్సీలో ఒక వారపు సంత. ఫాల్గుణ మాసం, చింతపండు దిగే రోజులు. పై ఊళ్ళ ఆడవాళ్ళు తెల్లారకముందే బుట్టలెత్తుకుని కొండ దిగుతారు. సంత మొదట్లోనే చెట్టు కింద షావుకారు తక్కెడ కట్టుకుని కూర్చుంటాడు.

తక్కెడలో ఒకవైపు చింతపండు, ఇంకోవైపు రాయి. ఇనప గుండు కాదు, నిజంగా రాయే. నున్నటి ఏటి రాయికి గుడ్డ చుట్టి తాడు బిగించారు. అది 5 కేజీలని షావుకారు తండ్రి చెప్పాడు. ఆయన తరవాత షావుకారు చెబుతున్నాడు. ఉప్పూ ఎండుచేపలూ అమ్మేటప్పుడు తూచడానికి వేరే రాయి ఉంది. రెండెందుకని ఎవరూ అడగలేదు.

గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే ఇలాంటి రాళ్ళ బారి నుంచి కొండవాళ్ళను తప్పించడానికి. ఆ సంస్థ కూడా చింతపండు కొంటుంది. కాని ఆషాఢంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు బియ్యం అప్పిచ్చింది షావుకారు. అప్పున్న చోటే బుట్ట దిగుతుంది.

ఆ ఏడు గిరిజనులకు గిట్టుబాటు ధర ఇప్పించే పథకం పట్టుకుని పట్నం నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చింది. పిక్క తీసి అమ్మితే ధర ఎక్కువనీ, కోల్డ్ స్టోరేజీలో దాచి తరవాత అమ్మితే ఇంకా ఎక్కువనీ బొమ్మలు చూపించి చెప్పారు. ఆడవాళ్ళు విన్నారు. ఆఖర్న ఎలక్ట్రానిక్ కాటా బయటికి తీశారు.

అప్పుడే ఒక ముసలమ్మ చింతపండు తూచడం అయింది. నాలుగు తూకాలు, 20 కేజీలు. అదే సరుకు కాటా మీద పోస్తే 25 చూపించింది. సంస్థ కుర్రాడొకడు వెళ్ళి రాయిని తెచ్చి కాటా మీద పెట్టాడు. 6 కేజీల 250 గ్రాములు.

సంతంతా అక్కడికి చేరింది. షావుకారు రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా నాయన నాటిది బాబూ. తడి పీల్చుకున్నట్టుంది," అన్నాడు. వచ్చే వారానికి తనూ కాటా కొంటానని అందరి ముందూ మాటిచ్చాడు.

కొన్నాడు. సంస్థ వాళ్ళ దానికన్నా పెద్దది. ఎర్ర అంకెలు అమ్మేవాళ్ళకు కనబడేలా తిప్పి పెట్టాడు. రాయిని టార్పాలిన్ ఎగరకుండా అంచు మీద ఉంచాడు. సంస్థ వాళ్ళు ఫొటో తీసుకున్నారు. ఈ సంతలో తూకం మోసం పూర్తిగా పోయిందని నివేదికలో రాశారు. ఆ మాటలో అబద్ధం లేదు.

ముసలమ్మ మళ్ళీ అంతే సరుకు తెచ్చింది. కాటా 25 చూపించింది. ఆమె అంకె చూసి నవ్వింది. షావుకారు లెక్క కట్టి చెప్పాడు. 600. పోయిన వారమూ 600.

"కేజీ 30 కదా బాబూ?"

"అది రాయి ధర. కాటా ధర 24."

ముసలమ్మ కాసేపు నిలబడింది. తరవాత ఎప్పట్లాగే కొంగు పట్టింది. తూకం అయ్యాక గుప్పెడు ఉప్పు కొసరు వేయడం షావుకారు తండ్రి నాటి నుంచీ ఉన్న ఆచారం.

"ఇది ధర్మకాటా అమ్మా," అన్నాడు షావుకారు. "కొసరుండదు."