ఫ్లట్టర్ ప్రతిష్ఠా సూత్రానికి నెహ్రూ నగర టీకా తాత్పర్యం

మూలం: ఫ్లట్టరును దింపుము, దారి చూపుము, వైద్యుని పిలువుము, పిదప కట్టుము.

ప్రతిపదార్థం: ఫ్లట్టరును = ఒకే కోడుతో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ రాయవచ్చునని 2018 డిసెంబరులో 1.0గా వెలువడిన గూగుల్ వారి పనిముట్ల మూటను; దింపుము = డెస్క్‌టాప్‌లోకి డౌన్‌లోడ్ చేసుకొనుము; దారి చూపుము = దాని బిన్ ఫోల్డరు చిరునామాను పాత్ అను సెట్టింగులో చేర్చుము; వైద్యుని పిలువుము = టెర్మినల్‌లో ‘ఫ్లట్టర్ డాక్టర్’ అని కొట్టుము; పిదప = రోగములు కుదిరిన మీదట; కట్టుము = యాప్‌ను బిల్డ్ చేయుము.

క్రియలు నాలుగే, కర్త ఒక్కడే. ఇంత చిన్న వాక్యానికి టీక దేనికని భిలాయి నెహ్రూ నగర్‌లో డెస్క్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థి అడగవచ్చు. సాయంత్రం మొదలుపెట్టిన నాలుగు క్రియలు అర్ధరాత్రి దాటినా తెమలకపోవడమే దానికి జవాబు. వాక్యం అర్థం కావాలంటే పదాల మధ్య ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పాడు. ఫ్లట్టర్ స్థాపనలో తెరమీద పడే ఎర్ర అక్షరాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించిందని చెప్పేవేనని ఈ టీకాకారుడి వాదం. కాబట్టి వాటిని తిట్టుకోవడం మాని అన్వయించుకోవాలి.

మొదటిది ఆకాంక్ష. ‘తెమ్ము’ అన్నాక ‘దేన్ని?’ అన్న ప్రశ్న తీరనిదే వాక్యం ముగియదు. ఫ్లట్టర్ దిగీ దిగగానే ఆండ్రాయిడ్ ఎస్‌డీకే ఏదంటుంది. అది దొరికితే కమాండ్‌లైన్ టూల్స్ ఏవంటుంది. అవీ దొరికాక లైసెన్సులకు ఒప్పుకున్నావా అంటుంది. (ఆ లైసెన్సులు పూర్తిగా చదివి ‘వై’ నొక్కిన అధికారి ఎవడూ ఈ శాస్త్రంలో ప్రసిద్ధుడు కాడు.) భిలాయి వారికి ఈ సంగతి వేరే చెప్పాలా? అక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫర్నేస్ ఎంత గొప్పదైనా దల్లీ రాజహరా ముడిఖనిజం, నందిని సున్నపురాయి అడగకుండా ఇనుము కార్చలేదు. ఎస్‌డీకే అడిగే ఫ్లట్టర్‌ను అసమర్థమనడం, ఖనిజం అడిగిందని ఫర్నేస్‌ను తప్పుపట్టడమే.

యోగ్యత దగ్గర చిక్కు ఇంకా లోతు. నిప్పుతో తడపమంటే వ్యాకరణం చెడదు, అర్థం చెడుతుంది. జావా ఉంది, దానిమీద నడిచి ఆండ్రాయిడ్ బిల్డు చేసే గ్రాడిల్ ఉంది, రెంటికీ పొత్తు లేదు. అప్పుడు బిల్డు నిలిచిపోయి ‘క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65 చెల్లదు’ అన్న అర్థం వచ్చే సందేశం పడుతుంది. ఇది కూటశ్లోకం. 65లోంచి 44 తీసివేస్తే 21. అనగా జావా 21 అని భావం. దానితో నడవాలంటే గ్రాడిల్ కనీసం 8.5 అయి ఉండాలి. 2024లో ఆండ్రాయిడ్ స్టూడియో లేడీబగ్ తనతోపాటు జావా 21ని తెచ్చింది. ఫ్లట్టర్ మామూలుగా ఆ స్టూడియోలోని జావానే వాడుకుంటుంది గనుక, నిన్నటిదాకా నడిచిన పాత ప్రాజెక్టులు కోడులో అక్షరం మారకుండానే ఆగిపోయాయి. విద్యార్థి మాత్రం తన కోడునే వెతుక్కుంటూ కూర్చుంటాడు.

సన్నిధి అంటే పదాలు ఆలస్యం లేకుండా దగ్గరదగ్గరగా పలకడం. పొద్దున ‘ఆవును’ అని, మాపటికి ‘తెమ్ము’ అంటే ఎవరూ ఆవును తోలుకురారు. పాత్‌లో చిరునామా చేర్చినా, అంతకు ముందే తెరిచి ఉన్న టెర్మినల్‌కు అది వినబడదు. కొత్త కిటికీ తెరవాల్సిందే. ఇక్కడే మరొకటి. ఇంటిపేరుకీ సొంతపేరుకీ మధ్య జాగా వదిలి రాసుకోవడం మన అలవాటు. విండోస్ యూజర్ ఫోల్డరుకు అదే పేరు పడితే అందులో ఫ్లట్టర్‌ను పెట్టరాదు. దారిలో ఖాళీలూ ప్రత్యేక చిహ్నాలూ లేనిచోట పెట్టమని ఫ్లట్టర్ వారి విధి. ప్రోగ్రామ్ ఫైల్స్ కూడా నిషిద్ధమే, అక్కడ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడ్డొస్తుంది.

ఇక పూర్వపక్షం. యూట్యూబ్‌లో హిందీ వీడియో పెట్టుకుని చూసినట్టే చేస్తే సరిపోదా, తర్కం దేనికని ఒకరు. వీడియో తీసిననాటి యోగ్యత చూసేనాటికి ఉంటుందన్న హామీ లేదు. లేడీబగ్ ఉదంతం పైనే చెప్పాం. డార్ట్‌ప్యాడ్‌లో బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు కదా అని ఇంకొకరు. ఈ మాటలో బలముంది. ఫ్లట్టర్ వాడే డార్ట్ భాష నేర్చుకోవడానికి అది చాలు, ఎస్‌డీకే బాధ లేదు. అయితే అక్కడ రాసిన యాప్‌ను చేతిలోని ఫోనులోకి ఎక్కించే ఉపాయం లేదు. ఫోనులో డెవలపర్ ఆప్షన్స్ కోసం బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కడం ఉత్త మంత్రతంత్రమని మూడోవారి ఆక్షేపణ. కాదు, దానికి దృష్టప్రయోజనమే ఉంది: పొరపాటున వేలు తగిలి ఆ తలుపు తెరుచుకోకూడదని.

ఈ మూడింటికి తోడు తాత్పర్యజ్ఞానమూ కావాలని కొందరు నైయాయికులు. సైంధవం తెమ్మంటే భోజనం వేళ ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం. వైద్యుడి నివేదికలో విజువల్ స్టూడియో ఎదుట తప్పు గుర్తు పడితే బెంబేలెత్తనక్కరలేదు. అది విండోస్ యాప్ కట్టేవాడి రోగం, ఆండ్రాయిడ్ ఒక్కటే కోరేవాడికి అంటదు. ఇందుకు విపర్యయం మరీ గడుసుది. ఐఫోన్ యాప్ కట్టడానికి ఎక్స్‌కోడ్ కావాలి, అది మాక్ మీదే నడుస్తుంది. విండోస్ డెస్క్‌టాప్ మీద వైద్యుడు దాని ఊసే ఎత్తడు. మిగతావన్నీ కుదిరితే ఏ లోపమూ లేదని రాసిచ్చేస్తాడు. అక్కడ ‘ఈ కంప్యూటరుకు చేతనైనంత మేరకు’ అని అధ్యాహారం చేసుకోవాలి.