గాలికీ కిరాయే!

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో మా మరదలి ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఇన్‌స్టాలో లెహంగాలు అమ్ముతుంది. మొన్న అమలాపురం పంపాల్సిన లెహంగాని కాటా మీద పెడితే కేజీ రెండొందల గ్రాములు తూగింది. ఫోన్లో నాలుగు కొరియర్ల రేట్లు పక్కపక్కన పెట్టి చూసి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి అప్పగించింది. వారం తిరిగేసరికి ఐదు కేజీలకు బిల్లు వచ్చింది.

"బావగారూ, దారిలో దానికెవరైనా పూతరేకులు పెట్టారంటారా?" అంది.

లెహంగా పాపం ఏమీ తినలేదు. దాని లోపల క్యాన్‌క్యాన్ ఉంది. సంగీత్‌లో పెళ్లికూతురు గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకోవడానికి వేసే గట్టి నెట్టు అది. నలగకుండా వెళ్లాలంటే పెట్టె పెద్దదే కావాలి. పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 20 సెంటీమీటర్లు. మూడూ గుణించి, చాలా కొరియర్లు చేసినట్టు 5000తో భాగిస్తే 4.8 కేజీలు, బిల్లులో సర్దితే ఐదు. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. కాటా చెప్పిన బరువు, టేపు చెప్పిన బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. సరుకు 1.2 కేజీలు, గాలి 3.6 కేజీలు!

లారీలో చోటుకీ ఖరీదుంటుంది, కాదనను. దూది బస్తాకీ ఇనప ముక్కకీ ఒకటే కిరాయి అడగడం న్యాయం కాదు. కానీ కేబీఆర్ పార్కు గాలికైనా టికెట్టెంతో గేటు దగ్గరే తెలుస్తుంది. ఈ గాలి ధర మాత్రం పార్సిల్ చేరాక తెలుస్తుంది. ముందు కనిపించేదల్లా పెద్దక్షరాల్లో రేటు, దాని పక్కన చీమ తలకాయంత 'నుంచి మొదలు'. అది అర కేజీ పొట్లం ఊళ్లోనే తిరిగితే పడే రేటు.

ఊరు దాటితే జోన్లు. సినిమావాళ్లకి నైజాం, సీడెడ్, ఈస్ట్, వెస్ట్ ఉన్నట్టు వీళ్లకీ ఒక పటం ఉంది. నైజాం రాజ్యం పోయి దశాబ్దాలైనా ఫిలింనగర్ పటంలో ఉందంటే అర్థం చేసుకోవచ్చు, అది అలవాటు. కొరియర్ పటంలో భూగోళమే వేరు. కొన్ని రేటు కార్డుల్లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ 'మెట్రో', కాబట్టి చవక. అమలాపురం 'మిగతా భారతం', కాబట్టి ప్రియం. గోదావరి కంటే యమున దగ్గరన్నమాట!

ఇక క్యాష్ ఆన్ డెలివరీ. తలుపు తీసి, "ఇప్పుడొద్దండీ, ఫంక్షన్ అయిపోయింది" అంటే చాలు, పార్సిల్ వెనక్కి బయల్దేరుతుంది. పోనూ రానూ ఛార్జీ అమ్మినవాళ్లదే. పార్సిల్‌కి వంద చొప్పున పది పంపారనుకుందాం. మూడు తిరిగొచ్చాయి, వాటికి మరో మూడొందలు. మొత్తం 1300. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 1534. అమ్ముడైనవి ఏడే. అంటే పోల్చిచూసినప్పుడు వందున్న షిప్పింగ్ చేతికొచ్చేసరికి 219. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న దుకాణానికి ఆ పన్నూ తిరిగి రాదు. సినిమా గ్రాస్ చూసి గంతులేసిన బయ్యర్, షేర్ చూసి కూలబడ్డట్టు.

కొరియర్లనే తిట్టి ఊరుకుంటే అన్యాయం. మనవాళ్లూ తక్కువ తినలేదు. 'ఫ్రీ షిప్పింగ్' అని బోర్డు పెట్టి, ఆ 219 లెహంగా ధరలో కుట్టేస్తారు. కొనేవాళ్లకీ అదే ఇష్టం. 2,500 లెహంగాకి 200 షిప్పింగ్ అంటే దోపిడీ అంటారు. 2,800, షిప్పింగ్ ఫ్రీ అంటే హృదయం గుర్తు పెడతారు.

రేట్లు పోల్చేవాళ్లకి ఒక్క మాట. మొదటి అంకెని పోల్చకండి. పెట్టె కొలతలిచ్చి, పన్నుతో, తిరుగు ఛార్జీతో కలిపి ఎంతవుతుందో అడగండి. చెప్పనివాడి రేటు ఎంత తక్కువైనా అది రేటు కాదు, ఆశ.

మా మరదలి మెడలో ఎప్పుడూ టైలర్ టేపు వేలాడుతుంటుంది. ఇన్నాళ్లూ దాంతో పెళ్లికూతుళ్ల నడుములే కొలిచింది. ఇప్పుడు అట్టపెట్టెల నడుములూ కొలుస్తోంది.