పండరి తాళముల ఆత్మకథ

మేము ఇరువురము, అయినను లోకము మమ్ము జతగానే ఎరుగును గనుక ఏకవచనముననే నా కథ చెప్పుకొందును. రాగియు తగరమును కరగి కలిసిన కంచు నా శరీరము. నడుమ ఉబ్బెత్తుగా లేచిన బొడిపె, ఆ బొడిపెకు తొలిచిన రంధ్రము, ఆ రంధ్రముగుండ దూరి లోపల ముడివడిన నూలుత్రాడు, ఇంతియే నా ఆకృతి. పండరిపురమున విఠలుని కోవెలకు పోవు వీధిలో, ఆషాఢ శుద్ధ ఏకాదశికి కాలినడకన వచ్చిన యాత్రికుల సమ్మర్దమునందు, నాగల్‌గిద్ద ప్రాంతపు రైతొకడు జతవెంట జతను చెవియొద్ద మ్రోగించి చూచి, నా రెండు బిళ్లల నాదములకును నడుమ వెండ్రుకవాసి భేదముండుటయు, ఆ భేదమువలన ధ్వని అలలు అలలుగా కదలుటయు గమనించి, నన్నే కొని మూట గట్టుకొనెను.

నాగల్‌గిద్ద నేడు సంగారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు దానికి ఆ హోదా లభించినది. అంతకుముందు అది మెదక్ జిల్లాలోనిది. కర్ణాటక సరిహద్దు చేరువనే ఉండుటచేత ఇచ్చటి జనులు నారాయణఖేడ్‌కు పోయినంత సులువుగా బీదరుకును పోయి వత్తురు. తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాలలో లంబాడీ ఇచ్చట నిత్యము వినబడును. ఈ చుట్టుపట్ల అఖండ హరినామ సప్తాహము ఆరంభమైనదనగా ఏడు దినములు రాత్రింబవళ్లు నామము తెగరాదు. తెల్లవారుజామున కాకడ హారతి, సాయంకాలమున హరిపాఠము, రాత్రి కీర్తన. ఒకరు అలసిన వేరొకరు వీణను భుజమునకెత్తుకొందురు. తాళములు చేతులు మారును. పఖవాజు వాయించువాడు ఎంత చిత్రగతులు పోయినను, గాయకుడు ఆలాపనలో ఎంత దూరమేగినను, తిరిగివచ్చి నిలువవలసిన చోటును చూపునది నేనే. ఆ పనియందు నాకు గల అభిమానము చిన్నది కాదు. లయ జారిన మంటపమున భక్తి ఎట్లు చెదరిపోవునో నేను స్వయముగా ఎరుగుదును.

నా యజమాని వృద్ధుడైన పిమ్మట, హైదరాబాదులో చదువుచున్న ఆయన మనుమడు ఒక పండుగ సెలవులలో ల్యాప్‌టాపును, చిన్న మైకును వెంట తెచ్చెను. ఊరి భజన మండలి పాటను రికార్డు చేసి, అందులో ఎనిమిది దెబ్బల ఆవర్తనములు రెండింటిని మరల మరల తిరుగు లూపుగా కత్తిరించి, దానిపై తంబూరాను, వేణువును చేర్చవలెనని అతని సంకల్పము. అందులకు మొట్టమొదట తెలియవలసినది పాట టెంపో, అనగా నిమిషమునకు ఎన్ని దెబ్బలు అన్న లెక్క. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పుట్టి, 2000 సంవత్సరమున వెలువడి, నేటికిని లోకమునకెల్ల ఉచితముగా లభించుచున్న ఆడాసిటీ అను సాఫ్ట్‌వేరును అతడు తెరచినపుడు, నా ధ్వని నాకు మొదటిసారి రూపమై కనబడెను. గాయకుని గళము క్రమముగా ఉబ్బి క్రమముగా తగ్గుచుండెను; అందు అక్షరమెచ్చట ఆరంభమైనదో వ్రేలుపెట్టి చూపుట దుస్సాధ్యము. నా దెబ్బ మాత్రము నిట్టనిలువుగా లేచి, పిదప తోకవలె సన్నబడుచు చాలదూరము వాలియుండెను. టెంపో వెదకువారికి నావంటి వాద్యము ఎందుకు మిత్రమో ఆ నిలువు గీతయే చెప్పును.

ఆ యువకుడు మొదట పని అంతయు టెంపో కనిపెట్టు మరియొక సాఫ్ట్‌వేరునకే అప్పగించెను. క్షణములో సంఖ్య వచ్చెను.

"తాతా, నిమిషానికి నూట నలభై నాలుగు అంటున్నదే."

"గంత ఉరుకుడు ఎందుకురా బిడ్డా! మనం గట్ల ఉరికినమా? అండ్ల సగమే ఉంటది, మల్ల జూడు," అని ముదుసలి నన్ను చేతికి తీసికొని, కాలితో నేల తట్టుచు అదే పాటను మెల్లగా ఎత్తుకొనెను.

ఇందు యంత్రమును నిందింపరాదు. అట్టి సాఫ్ట్‌వేరు ధ్వనిని అతిసూక్ష్మములైన ఖండములుగా విడదీసి, శక్తి హఠాత్తుగా పెరిగిన చోట్లను గుర్తించి, ఆ గుర్తుల వరుసకు ఒక ప్రతిని తీసి, ప్రతిని మూలముపై కొంచెము కొంచెముగా జరుపుచు, ఎంత జరిపినప్పుడు శిఖరముపై శిఖరము పడునో చూచును. నన్ను విడిచి కొట్టిన రెండు పెద్ద దెబ్బల నడుమ మూసి కొట్టిన చిన్న దెబ్బ యొకటి ఉండును గనుక, 0.417 సెకన్లు జరిపినను శిఖరములు కలియును, 0.833 జరిపినను కలియును, 1.667 జరిపినను కలియును. అందుచేత 144, 72, 36 అను మూడును దానికి ఒప్పైన జవాబులే. పాట నడక వానిలో ఏదియన్నది నిర్ణయించుటకు ఆ వృద్ధుని పాదము వలసివచ్చెను. మన పూర్వులు ఈ సంబంధమును చక్కగా ఎరుగుదురు. 13వ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు ద్రుతమునకు ఇమ్మడి విశ్రాంతి మధ్యలయ యనియు, దానికి ఇమ్మడి విలంబిత మనియు చెప్పెను. వారికి లయలు పరస్పర సంబంధములే గాని గడియారపు కొలతలు కావు. నిమిషమునకు ఇన్ని దెబ్బలన్న లెక్క ఐరోపానుండి వచ్చినది: 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌న వింకెల్ అనునతడు కల్పించిన లోలక యంత్రమును మెరుగుపరచి, 1815లో మేల్‌జెల్ అనునతడు మెట్రోనోమ్ అను పేర పేటెంటు పొందెను, 1817లో బీథోవెన్ తన సింఫనీలకు ఆ సంఖ్యలను ప్రకటించెను. ఈ రెండు విధములును ఒకదానికొకటి విరోధులని నేను తలంపను. ఆ సాయంకాలము నాగల్‌గిద్ద పంచలో రెండును ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే పాటను వినినవి.

అటుపిమ్మట ఆ యువకుడు చేతితోనే కొలిచెను. ఇచ్చట ఒక మెలకువ కలదు. లూపులు కత్తిరించువారు దీనిని మరవరాదు. పదునారు దెబ్బల కాలము కావలెనన్న మొదటి దెబ్బనుండి పదునారవ దానివరకు కొలిచిన చాలదు, ఏలయనగా వాని నడుమ ఎడములు పదునైదే. పదునేడవ దెబ్బ ఆరంభమగు చోటివరకు పోవలెను. అట్లు కొలువగా 13.33 సెకన్లు వచ్చెను. పదునారును అరువదిచే గుణించి ఈ కాలముచే భాగించిన 72. సెకనుకు 44,100 మచ్చుల చొప్పున రికార్డైన ధ్వనిలో, నా ఒక పెద్ద దెబ్బకును మరుసటి పెద్ద దెబ్బకును నడుమ సరిగా 36,750 మచ్చులు పట్టును. ఆ ఖండము 13.2 సెకన్లే యైన హాని యేమని అడుగవచ్చును. ఒక్కసారి వినినపుడు ఎవరికిని తెలియదు. కాని లూపు పదిమార్లు తిరుగుసరికి 1.3 సెకన్లు ముందునకు జరిగి, ఒకటిన్నర దెబ్బల మేర తంబూరాను, వేణువును వెనుక విడిచి పోవును.

కత్తిరించు స్థలమును గూర్చియు ఆలోచింపవలసివచ్చెను. ఆ పాట పల్లవి నా మొదటి దెబ్బకంటె అరదెబ్బ ముందే ఎత్తుకొనబడును. గళము వినబడిన చోట కోసిన, లూపు తిరిగినప్పుడెల్ల తాళము తలక్రిందులైనట్లు తోచును. తాళ దశప్రాణములలో గ్రహమనునది పాటకును తాళమునకును గల ఈ ఆరంభ సంబంధమునే తెలుపును. అతడు నా నిలువుగీత మొదలుననే, అలరేఖ శూన్యమును దాటు బిందువున కోసెను. అన్యథా అతుకువద్ద టక్కుమని చప్పుడు వచ్చును. అయినను నా చివరి దెబ్బ మ్రోత కత్తివ్రేటుకు తెగిపోయెను. ఆ తెగిన శేషమును తెచ్చి లూపు ఆరంభమున మెల్లగా కలిపిన తరువాతనే నా నాదము నాదముగా మిగిలెను. ఈ ఒక్క పనికై అతడు చూపిన ఓర్పును నేను ఎన్నటికిని మరువజాలను.

అయితే అసలైన సంకటము పాట మొత్తమును, నిమిషమునకు 72 చొప్పున సాఫ్ట్‌వేరు గీసిన కాలపు గీతలపై పరచినప్పుడు వచ్చినది. మొదటి చరణము సరిపోయెను. రెండవదానిలో నా దెబ్బలు గీతలకు ముందుగా పడసాగెను. చివర నామము చెలరేగి, మండలి అంతయు లేచి నిలిచి పాడిన భాగమున వేగము 96కు చేరెను. నా దెబ్బలన్నిటిని బలాత్కారముగా గీతలకు లాగి సరిచేయు మీట ఒకటి సాఫ్ట్‌వేరులో ఉన్నది. అతడు దానిపై వ్రేలు ఉంచి, "సక్కగ జేయనా తాతా?" అని అడిగెను. ముదుసలి కొంతసేపు ఊరకుండి, "వంకర ఏడున్నది బిడ్డా? అందరం లేసి నిలవడ్డమని దెలుస్తున్నది గద," అనెను. ఆ మాట నా పక్షమున పలికినట్లుండెను. భజనలో వేగము పెరుగుట కాలప్రమాణము తెలియక జరిగినది కాదు, పాడువారి గుండెలు ఎత్తుకొన్న కొలది నేనును ఎత్తుకొంటిని. దానిని దోషమని దిద్దిన, భజన రికార్డైన రాత్రి జరిగినదానినే తుడిచివేసినట్లగును. యువకుడు దెబ్బలను కదపలేదు. ఒక్కొక్క ఆవర్తనమునకు టెంపోను వేరువేరుగా కొలిచి, గీతలనే నా దెబ్బల క్రిందికి జరిపెను. 72, 74, 79, 85 అని సంఖ్యలు పైకి పోవుచుండగా, తంబూరాయు వేణువును మా వెంట నడచినవి.

ఇప్పుడతడు కలుపు తీయు స్త్రీలు పాడిన పాట యొకటి తెచ్చుకొన్నాడు. అది మూడును నాలుగును కలిసిన ఏడు లెక్కల నడక. సాఫ్ట్‌వేరు నాలుగేసి గీతలే గీయుచున్నది. అమరికలలో ఏడు అని మార్చి, ఆవర్తనపు మొదటి దెబ్బయైన సమము ఎచ్చటనో చూపుమని అతడు నన్ను తాత చేతికిచ్చినాడు.