తాతకు కళ్ల పరీక్ష, మనవడికి ట్రాక్టరు

ముసలివాళ్ల లైసెన్సులు బిగించాలి, కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన పోరగాళ్లకు ఇంకా బిగించాలి అనే మాట ఈమధ్య గట్టిగానే వినబడుతున్నది. నేను రెండు చేతులూ ఎత్తి మద్దతిస్తున్నాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల మేలు కోరేవాడు ఎవడైనా ఇదే చేస్తాడు. ఇక్కడ రూలు బిగిసిన ప్రతిసారీ రవాణా ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపు బాగుపడుతుంది, చాయ్ బండి బాగుపడుతుంది, చెట్టుకింద స్కూటీ సీటునే టేబుల్ చేసుకుని ఫారాలు నింపే అన్న బాగుపడతాడు. పరిశ్రమలు రాని చోట ఇంతమందికి ఉపాధి చూపించిన చట్టం ఇంకోటి ఉంటే చెప్పండి.

అసలు చట్టం లెక్కలో ముసలితనం 40 ఏళ్లకే మొదలవుతుంది. 40 దాటినవాడు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి. ఆ ఫారం చదివితే ముచ్చటేస్తుంది. ఈయనకు రంగుల తేడా తెలుస్తుందా? మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు ప్లేటు పోల్చుకోగలడా? చెవుడా? రేచీకటా? అన్నింటికీ డాక్టరుగారు జవాబు రాయాలి. రాస్తారు కూడా. పాతిక మీటర్లు ఏం ఖర్మ, పాతిక కిలోమీటర్ల నుంచే రాసేవాళ్లున్నారు. పెద్దమనిషి దేవరకొండ అవతల పొలంలో మోటరు దగ్గర కూచుంటాడు, ఆయన కళ్లు మాత్రం టౌనుకు పోయి పాసై వస్తాయి.

2019 మోటారు వాహనాల చట్ట సవరణలో జరిమానాలు పెంచారని అందరికీ గుర్తే. అదే సవరణ ఒక చిన్న ఉపకారం కూడా చేసింది. అంతకుముందు 50 నిండినవాడికి ఐదేళ్లకే రెన్యువల్ ఇచ్చేవారు, ఇప్పుడు 60 దాకా ఇస్తున్నారు. 18 ఏళ్లకు తీసుకున్నవాడికి 40 దాకా అడిగేవాడు లేడు. ఇరవై రెండేళ్లలో మనిషికి పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, షుగర్ వస్తుంది, కంట్లో పొర వస్తుంది. లైసెన్సు ఫొటోలో మాత్రం నూనూగు మీసమే.

కళ్లంటే గుర్తొచ్చింది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకం మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించారు. ఊరూరా కుర్చీ వేసి, తాతల చేత అక్షరాలు చదివించి, అద్దాలు పెట్టి పంపించారు. నిజమైన కళ్లకు నిజమైన పరీక్ష, అదీ ఉచితంగా, ఇంటి ముందరే. ఆ కుర్చీకీ లైసెన్సు ఫారానికీ చుట్టరికం కలపాలని ఎవరికీ తట్టలేదు. తట్టితే చెట్టుకింద అన్న గతి ఏం కావాలె?

ముసలాయనకు బండి మీద మోజుందని అనుకోకండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అవ్వ ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని, పల్లె వెలుగు బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుని, జడ్చర్ల దవాఖానకు దర్జాగా పోయొస్తుంది. తాత టికెట్టు కొనాలి. ఆ లెక్క ఆయనకు నచ్చదు. ఎక్సెల్ బండికి ముందు గడ్డిమోపు, వెనక పాలక్యాను కట్టుకుని, ఆపరేషనైన కన్ను ఒకటి, కావలసిన కన్ను ఒకటి పెట్టుకుని బయలుదేరతాడు. ఇక బస్సే రాని ఊళ్లో ఆయన లైసెన్సు గుంజుకుంటే పాలక్యాను నెత్తిన పెట్టుకుని నడవాలి.

జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో టోక్యో ఇకెబుకురో దగ్గర 87 ఏళ్ల పెద్దాయన కారు దూసుకుపోయి తల్లీ, చిన్న పాపా చనిపోయారు. దేశమంతా కదిలింది. ఆ ఏడాది దాదాపు ఆరు లక్షల మంది తమంతట తామే లైసెన్సు వాపసు ఇచ్చారు. వాపసు ఇచ్చినవాళ్లకు అక్కడ చాలా ఊళ్లలో బస్సుల్లో, టాక్సీల్లో రాయితీ ఉంటుంది. 75 దాటితే జ్ఞాపకశక్తికీ పరీక్ష ఉంటుంది. అదే ఏడాది ఇంగ్లండులో రాణిగారి భర్త ఫిలిప్, 97 ఏళ్లవాడు, కారు బోల్తా కొట్టించి, మూడు నాలుగు వారాలకు లైసెన్సు ఇచ్చేశాడు. మన దగ్గర 75 దాటిన మాజీ సర్పంచి బొలెరో తాళంచెవి ఇచ్చేయడం ఎవరైనా చూశారా? ఆయన సీటే ఐదేళ్లకోసారి కష్టం మీద వదిలాడు, స్టీరింగు వదుల్తాడా?

ఇక పోరగాళ్ల సంగతి. 16 నిండినవాడు గేర్లు లేని 50 సీసీ లోపు బండి నడపొచ్చని 1988 చట్టం దయ తలచింది. ఆ బండ్లు షోరూముల్లోంచి ఎప్పుడో మాయమైనయి. పల్లెకు దిక్కైన ఎక్సెలే ఇప్పుడు వంద సీసీకి వచ్చింది. అంటే అనుమతి ఉంది, బండి లేదు. మన పిల్లగాడి దగ్గరేమో బండి ఉంది, అనుమతి లేదు. చట్టం సగం, పిల్లగాడు సగం, ఇద్దరూ కలిసి పూర్తి చేశారు.

18 నిండినవాడి దారి వేరు. ఎల్ఎల్ఆర్ తీసుకోవాలి, నెల ఆగాలి, ట్రాక్ మీద ఎనిమిది వేయాలి. ఎనిమిది గొప్ప పరీక్షే. కాకపోతే ఆ ట్రాక్ మీద రాంగ్ రూటులో ట్రాక్టరు ఎదురు రాదు. బర్రె అడ్డం పడదు. సగం రోడ్డున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉండవు. వరికోత మిషను వెనకాల నాలుగు కిలోమీటర్లు ఓపిక పట్టాల్సిన పని లేదు. ఎనిమిది వేసినవాడు మర్నాడు చిట్యాల దగ్గర విజయవాడ హైవే ఎక్కితే, అక్కడ ఎనిమిదులు తిరిగేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లకు వైన్ షాపు చాలు. ఉత్తర ఐర్లండులో లైసెన్సు వచ్చిన ఏడాది పాటు బండికి ‘ఆర్’ అక్షరం తగిలించుకోవాలి, గంటకు 72 కిలోమీటర్లు దాటకూడదు. మన కుర్రాడు ‘ఎల్’ అక్షరాన్నే టెస్టు రోజు పొద్దున అతికించి మధ్యాహ్నానికి పీకేస్తాడు. ఆ చోట ‘డాడీస్ గిఫ్ట్’ అని రాయించుకోవాలి గదా.

డాడీ సంగతీ చట్టం మరచిపోలేదు. మైనరుకు బండి ఇస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లగాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు బంద్. ఇంతకన్నా బిగిస్తే నట్టు తెగుతుంది. అయినా నాట్ల కాలంలో ఏ ఊరికి పోయినా ఒక తండ్రి గర్వంగా చెబుతాడు: “మావోడు ఎనిమిదో తరగతిలనే ట్రాలీ రివర్స్ కొడ్తడు సారూ!” ఎనిమిదో తరగతి పాఠం చదువుతడా అని అడిగితే మాత్రం మాట మారుస్తాడు.

ఆ ట్రాలీలో ఎక్కేది మట్టీ ఎరువూ మాత్రమే కాదు. 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపతోటకు పోతున్న కూలీ మహిళలతో ట్రాక్టరు కాలువలో పడింది. రెండు నెలలు తిరిగేసరికి, జూన్ 24న, వలిగొండ మండలం వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదన్న రూలు ఆ రెండు రోజులూ ఉన్నది. ఇప్పుడూ ఉన్నది. పత్తి తీతకు పొద్దున ఆరింటికి ఏ చౌరస్తాలో నిలబడ్డా, ఆ రూలు మీద ముప్పై మంది నిలబడి పోతూ కనిపిస్తారు.

అదే ఏడు ఆగస్టు 29న నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద నటుడు నందమూరి హరికృష్ణ స్వయంగా కారు నడుపుతూ చనిపోయారు. వయసు 61. వయసు మీద పడి చెయ్యి తడబడిందని అనడానికి లేదు. తండ్రి ఎన్నికల ప్రచార వాహనం చైతన్యరథాన్ని రాష్ట్రమంతా తిప్పిన చెయ్యి అది. ఏ ఇన్‌స్పెక్టరు పరీక్ష పెట్టినా నూటికి నూరు వచ్చేవి. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. బెల్టుకు వయసుతో పనిలేదు, పుట్టిన తేదీ అడిగే కమిటీలకు అది కనిపించదు.

ముసలివాళ్లనూ పోరగాళ్లనూ పక్కన పెడితే మిగిలేది నడి వయసువాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గుట్కా ప్యాకెట్టు, మోకాలితో స్టీరింగు. ఈయన గురించి ఎవరూ కమిటీ వేయరు. కమిటీలో ఉండేది ఈయనే కదా.

పట్టుకునే యంత్రం లేదా అంటే ఉన్నది. తెలంగాణలో 2017 ఆగస్టు 1 నుంచి పాయింట్ల పద్ధతి పెట్టారు. తప్పుకో లెక్క, పన్నెండు పాయింట్లు పడితే లైసెన్సు ఏడాది సస్పెండ్ అన్నారు. చక్కటి పద్ధతి, వయసు అడగదు, తప్పే అడుగుతుంది. ఒకటే చిక్కు, పాయింట్లు రాయడానికి లైసెన్సు ఉండాలి. లేనివాడి పాయింట్లు ఎక్కడ రాస్తారు, వాడి నుదుటి మీదనా? లైసెన్సు తీసుకున్న పాపానికి తాతనూ, ఎనిమిది వేసిన పాపానికి డిగ్రీ పిల్లగాణ్నీ ఆపి అడుగుతాం. ఏదీ తీసుకోనివాడు మన పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోతాడు.

కొత్త రూళ్లు రాబోతున్నయట అని చెట్టుకింద అన్నకు నేనే వార్త చేరవేశాను. ముసలోళ్లకు రెండేళ్లకోసారి మెడికల్, కొత్తవాళ్లకు రెండోసారి టెస్టు అని వివరంగా చెప్పాను. ఆయన పెన్ను చెవిలో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

“మంచిదే గద సారూ! ఇంతకూ ఎప్పటి నుంచట? మనోళ్లుంటే ఇప్పుడే పంపు, పాత రేటుకే చేపిస్త.”